జెడ్ దగ్గర తిరిగిన నాడె

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి పొడవునా మగ్గాల చప్పుడే. అది వినిపిస్తున్నంతసేపూ ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. ఆగితేనే భయం. పట్టపగలు ఒక ఇంట్లో మగ్గం ఆగిందంటే ఆ ఇంటికి చావో జబ్బో వచ్చిందని వీధి వీధంతా తలెత్తి చూసేది. నాకు తెలిసి మా తాత మగ్గం అట్లా రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ నా వల్లే.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను ఐదో తరగతి. సర్కారు రెసిడెన్షియల్ బడిలో చేరడానికి ఆదోనిలో పరీక్ష పెట్టేవారు. నెగ్గితే పదో తరగతి దాకా తిండి, బట్ట, చదువు. లేకపోతే కాళ్లు దించి నేసే మగ్గం గుంత. మా బడి నుంచి ఏ ఏడూ ఒక్కడికి మించి వెళ్లింది లేదు. ఆ ఏడు ఇద్దరం పూనుకున్నాం, నేనూ, పక్కింటి అక్క కొడుకూ. ఆ అక్కకు భర్త లేడు. మా తాతకూ మరో రెండు ఇళ్లకూ నూలు కండెలు చుట్టి ఇచ్చి కొడుకును సాకుతుండేది. వాడు నాకంటే చురుకైనవాడు. ఆ సంగతి నాకు తెలుసు. వాడికే తెలియదు.

పరీక్షలో మా బెంగంతా అక్షరాల సంకేతాలతోనే. ఒక ఇంగ్లీషు మాటను వేరే అక్షరాలతో మార్చి చూపించి, అదే పద్ధతిలో ఇంకో మాటను మార్చమనేవారు. సి బదులు ఎఫ్, ఎ బదులు డి ఉంటే, ప్రతి అక్షరం మూడు అడుగులు ముందుకు నడిచిందని పసిగట్టాలి. ఇది నాకు నేర్పింది వాడే. ఇరవయ్యారు కండెలు వరసగా పేర్చి, వేలితో ఒక్కొక్కటీ దాటించి, నాకు అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చూపించాడు.

చిక్కల్లా చివరి అక్షరాలతో వచ్చింది. వై నుంచి మూడు అడుగులు వేయాలంటే జెడ్ దాటాక ఏముంది? ఒకరోజు వాడు కండెలు ఇచ్చి రావడానికి వెళ్లి బడికి రాలేదు. ఆ రోజే అయ్యవారు చెప్పారు, గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వచ్చినట్టు జెడ్ తర్వాత మళ్లీ ఎ వస్తుందని. వాడికీ చెప్పమని నాకు అప్పగించారు. ఇంటికొచ్చి తాత మగ్గం పక్కనే కూర్చుని జెడ్, ఎ, బి అని పైకే వల్లె వేసుకున్నాను.

సాయంత్రం వాడు మా అరుగు మీదికొచ్చాడు.

"లేయ్, జెడ్ కాడికి పోయినంక యాడికి పోవల్ల? అయ్యవారు ఏం సెప్పినాడు?"

లోపల తాత మగ్గం మీద పేక నూలును మోసే నాడె బట్ట అంచు దాకా పోయి వెనక్కి వస్తోంది. ఆ చప్పుడే నా నోటికి అబద్ధం అందించింది.

"ఎనక్కి తిరుక్కోవల్లంట. అంచు కాడ నాడె తిరుక్కోదా, అట్ల."

నేతగాళ్ల పిల్లవాడు ఎవడైనా నమ్మే మాట అది. అంచు దాటి ముందుకు పోయే పేకను మేమెవరం చూడలేదు. వాడు నవ్వాడు. "ఇంతేనా, ఇది మనింటి పనే కదలేయ్" అని జెడ్, వై, ఎక్స్ అంటూ వెనక్కి లెక్కపెట్టుకున్నాడు. రావలసింది బి.

లోపల మగ్గం ఆగింది.

మా తాతకు ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ నేను ఒకే పూట రెండు మాటలు చెప్పడం ఆయన విన్నాడు. పరీక్షకు ముందురోజు నాతో ఒక పొడుగాటి కాగితం చీలిక మీద అక్షరాలన్నీ రాయించాడు. పడుగుకు పట్టించే గంజితోనే రెండు కొసలూ అంటించి గాజులా చేశాడు. జెడ్ పక్కన ఎ వచ్చి కూర్చుంది.

"పక్కింటోనికి ఇచ్చి రాపో. సూసుకుంటే వానికే తెలుస్తాది. నువ్వేం సెప్పే పన్లేదు."

వాళ్ల గడప దాకా వెళ్లాను. లోపల అక్క వాడి చొక్కాకు గుండీ కుడుతోంది. వాడు కండెల మీద వేలు నడిపిస్తున్నాడు, ముందుకు, మళ్లీ వెనక్కి. నేను తిరిగొచ్చి ఆ కాగితపు గాజును నూలు చిలపల కింద దాచేశాను. ఇచ్చినావా అని తాత అడిగాడు. ఇచ్చినానన్నాను. ఆయన నమ్మి నా తల నిమిరాడు.

మరునాడు అక్క ఇద్దరికీ ఒకే డబ్బాలో ఉగ్గాని కట్టి ఇచ్చి, అన్నదమ్ముల మాదిరి పోయి రాండప్పా అంది. బస్సులో వాడు కిటికీ పక్క చోటు నాకే ఇచ్చాడు. పరీక్ష గదిలో వాడు నా ముందు బెంచీలో కూర్చున్నాడు. చివరి పేజీకి వచ్చేసరికి వాడి చూపుడు వేలు బల్ల మీద కుడివైపు నడిచి, ఒకచోట ఆగి, ఎడమకు తిరిగింది. మళ్లీ నడిచి, మళ్లీ తిరిగింది. తెలిసిన ప్రశ్నే వచ్చిందని వాడు మురిసిపోతున్నట్టు భుజాలు చూస్తేనే తెలుస్తోంది. నేను తల వంచుకుని బి అని రాశాను.

నా ఒక్కడి పేరే వచ్చింది. వారం తిరక్కుండానే వాడు వాళ్ల నాన్న మగ్గం గుంతలోకి దిగాడు. ఆ వారంలోనే తాత చిలపలు ఎత్తుతుంటే కాగితపు గాజు బయటపడింది. మగ్గం రెండోసారి ఆగింది. పొద్దు వాలేదాకా ఆడలేదు. నేను దెబ్బల కోసం ఎదురు చూశాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. నేను బడికి బయలుదేరిన రోజు ట్రంకుపెట్టె సర్ది ఇచ్చాడు. అక్కడికి వెళ్లి తెరిస్తే, బట్టల అడుగున ఆ గాజు ఉంది.

చివరి పేజీలో జెడ్ దాటాల్సిన ఆ నాలుగు ప్రశ్నలూ సరిగ్గా రాసినా వాడికి రాకపోయేదేమో. ఈ మాట చాటున నేను చాలా ఏళ్లు దాక్కున్నాను.

దసరా సెలవులకు నేను ఇంటికి వచ్చినప్పుడు వాడు మగ్గం దగ్గర నుంచే నన్ను పిలిచాడు. "నాకు రాలేదు గానీ, నువ్వు సెప్పింది మాత్రం మర్సిపోలేదులేయ్. నాడె తిరిగినప్పుడల్లా జెడ్ అనుకుంటా" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. గోడ అవతల మా తాత ఉన్నాడు. నేను నిజం చెప్తానేమోనని ఆయన చెవి ఒగ్గి ఉంటాడు. నేను చెప్పలేదు.

ఆ కాగితపు గాజు ఇప్పటికీ నా దగ్గరుంది. అతుకు ఊడినప్పుడల్లా జెడ్ పక్కన ఎ పెట్టి మళ్లీ అంటిస్తుంటాను. పరీక్షలకు చదివే పిల్లలు వస్తే మొదట దాన్నే చేతికిచ్చి తిప్పి చూడమంటాను. ఎమ్మిగనూరు వెళ్లినప్పుడల్లా జేబులో పెట్టుకునే వెళ్తాను. వాడి గడప దాకా వెళ్లి, అంచు తాకిన నాడెలా ప్రతిసారీ వెనక్కి తిరిగి వస్తున్నాను.