కోపానికి నా సంతకం

మొన్న బడి ప్రాజెక్టు కోసం మా అమ్మాయి తను పుట్టిన రోజు ఫోటో బయటికి తీయించింది. అందులో మా అత్తగారున్నారు, బావమరిది ఉన్నాడు, ఎవరో నర్సమ్మ కూడా నవ్వుతోంది. నేనొక్కణ్ణే లేను. "నువ్వెక్కడున్నావు నాన్నా?" అంది. దోహాలో మా మేనేజరుగారికి ఉపన్యాసం రాసిపెడుతున్నానని పిల్లకు చెబితే ఏం బాగుంటుంది? డ్యూటీలో అన్నాను.

ఆ మేనేజరుగారు కాకినాడ వైపు మనిషి. దోహాలోని అల్ తుమామా పేటలో ఉన్న తన విల్లాకి శుక్రవారం శుక్రవారం తెలుగువాళ్ళను పోగుచేసి, పులిహోర పెట్టి, స్టోయిక్ తత్వం బోధించేవారు. చదివేది నేను, రాసేది నేను, గొంతు ఆయనది. ఆ సంగతి అందరికీ తెలుసు, పులిహోర బాగుంటుంది గనుక ఎవరూ అనేవారు కాదు. గ్రీసులో పుట్టి, రోములో బానిస దగ్గర్నుంచి చక్రవర్తి దాకా పట్టుకున్న ఆలోచన అది: నీ చేతిలో ఉన్నది నీ మనసొక్కటే, మిగతాదానికి ఏడవకు. మా ఆవిడకు నెలలు నిండాయని సెలవడిగితే, "పురుడు నీ చేతిలో ఉందటయ్యా? లేనిదానికి ఆరాటం దేనికి?" అన్నారు. తత్వం ఇంతగా పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

పిల్ల తొలి ఏడుపు ఫోన్లో విన్నాను. ఆ వారం ఉపన్యాసం మరింత శ్రద్ధగా రాశాను. రోము కూలేవరకూ రాసి, తర్వాతి కథ నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేటుకు బిర్యానీ ఆశ చూపి ఒక ప్రశ్న అప్పగించాను. ఉపన్యాసం అయ్యాక వాడు లేచి, "సార్, రోమ్ రాజ్యం పోయినంక ఈ సదువు ఏడికి పోయింది?" అన్నాడు. ఆయన నా వైపు చూశారు. నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాను. "ఎక్కడికి పోతుందండీ, రాజ్యంతో పాటే పోయింది" అన్నారు చివరికి.

అప్పుడు లేచాను. పోలేదని, మఠాల్లోకి వెళ్ళిందని చెప్పాను. కోపం మనసులో తొలిసారి కదలడం తప్పు కాదు, దానికి మనం ఒప్పుకోవడమే తప్పు అన్న స్టోయిక్కుల మాటను క్రైస్తవ సన్యాసులు పాపపు తలపులను తూచడానికి వాడుకున్నారని, మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరలో ఉన్న ఒక మంత్రి తన ఓదార్పుకి రాసుకున్న పుస్తకంలోనూ ఆ పాత మాటలే వినిపిస్తాయని చెప్పాను. ఆఖరిది మాత్రం ఆయనకేసి తిరిగి చెప్పాను. "స్టోయిక్ గురువైన ఆ రోము బానిస బోధల పుస్తకాన్ని సన్యాసులు దించుకుని, పాత జ్ఞాని పేరున్నచోట తమ మతాచార్యుడి పేరు పెట్టుకున్నారండీ. ఆ పని ఎలా చేస్తారో మీకు నేను చెప్పాలా?"

ముందు వరుసలో ఎవరో దగ్గారు. వెనక వరుసలవాళ్ళు దగ్గుతో సరిపెట్టుకోలేదు. ఆయన మొహం కందగడ్డయింది. "ఆదివారం ఆఫీసుకి రా, నీ సంగతి చూస్తాను" అన్నారు. నిగ్రహం మీద అన్ని శుక్రవారాలు మాట్లాడిన మనిషికి అది ఒక్క నిమిషం నిలవలేదు. అక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే, ఆ రోజే నన్ను దేశం ఉత్తర కొసనున్న అల్ రువైస్ సైటుకి వేశారు. ఉపన్యాసాలు మళ్ళీ జరగలేదు. పులిహోర పోగొట్టానని కొందరు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

సన్యాసుల లెక్కన నాది తొలి కదలిక కాదు, పూర్తిగా ఒప్పుకుని సంతకం పెట్టిన కోపం. ఎప్పటికైనా చల్లారుతుందేమోనని చూస్తూ వచ్చాను. అంత పెద్ద రోమునే తుడిచిపెట్టిన కాలానికి, అదేమిటో, నా దగ్గరికి రావడానికి ఇంకా తీరిక దొరకలేదు.