మేడమ్ కొట్టేసిన వాక్యం

మంగళవారం పొద్దున మా సీనియర్ లాయర్ మేడమ్ గుమాస్తా ఫోన్ చేశాడు. "పాపా, మన మేడమ్ పోయిందమ్మా. నిద్రలోనే పోయింది" అన్నాడు. వెంటనే ఆయనే, "గిద్దలూరు పాపకు ముందే చెప్పినాను. బయల్దేరింది" అన్నాడు. అంత దుఃఖంలోనూ చురుక్కుమంది. నాకంటే ముందు ఆమెకా? ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. కాని ఈ కుళ్ళు దాచి మేడమ్ గురించి చెప్పలేను.

లా చదివేటప్పుడు ఒక వేసవి నేనూ ఆ గిద్దలూరు అమ్మాయీ మార్కాపురంలో ఈ మేడమ్ దగ్గర ఇంటర్న్‌షిప్ చేశాం. కాగితాలు ఎగురుతాయని మేడమ్ ఎంత ఉక్కగా ఉన్నా ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు. ఎవరొచ్చినా ముందు బల్ల మీది కేసు కట్టను బోర్లించి, ఆ తర్వాతే "కూర్చో నాయనా" అనేవారు. కక్షిదారులు కష్టం చెప్పుకునేటప్పుడు గిద్దలూరు అమ్మాయిని పక్కన ఉంచుకుని, నన్ను పాత తీర్పులు వెతకమని బయటి గదికి పంపేవారు. అక్కడ కూర్చుని ఉడికిపోయేదాన్ని.

చివరి వారంలో ఇద్దరం రెజ్యూమెలు రాసుకున్నాం. ఆమె రెండు పంక్తులతో సరిపెట్టింది. ఆమెను మించాలని నేను, "మార్కాపురంలో పలకలు ఎగుమతి చేసే పెద్ద వ్యాపారి భార్య తరఫున విడాకుల కేసులో పనిచేశాను" అని రాశాను. (ఆ వ్యాపారం ఇక్కడ మార్చి రాస్తున్నాను.) పేరు రాయలేదు కదా అని ధీమా. జిరాక్స్ షాపాయన ప్రింటు తీస్తూ చదివి, "ఏందమ్మా, వీళ్ళు విడిపోతున్నారా?" అంటూ సరిగ్గా ఆ వ్యాపారి పేరే చెప్పాడు.

నేరుగా వెళ్ళి మేడమ్ ముందు కాగితం పెట్టి, జరిగింది చెప్పాను.

"ఊరు రాసినావు, వ్యాపారం రాసినావు. ఇంక పేరెందుకమ్మా?" అన్నారు. ఆ వాక్యాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, పైన "కుటుంబ వివాదాల్లో అర్జీల ముసాయిదా, పాత తీర్పుల పరిశీలన" అని రాశారు. "నువ్వు చేసిన పని రాసుకో. వాళ్ళ బతుకు రాయబాక."

తర్వాత ఆ కక్షిదారుకు ఫోన్ చేశారు. "మా ఆఫీసు నుంచి మాట బయటికి పోయింది తల్లీ. తప్పు నాదే" అన్నారు. నా పేరెత్తలేదు. అవతల ఆమె ఏడుపు నాకు వినిపించింది. రెండు రోజులకే ఆమె కాగితాలన్నీ తీసుకుని వేరే వకీలు దగ్గరికి వెళ్ళిపోయింది. మేడమ్ ఆ కట్టను తన చేత్తోనే దారం కట్టి ఇచ్చారు. ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు.

అంత్యక్రియలయ్యాక గిద్దలూరు అమ్మాయితో బస్టాండుకు నడిచాను. ఇన్నేళ్ళూ అడగాలనుకున్నది అడిగేశాను. "ఆ విడాకుల కేసు ఎందుకు పోయిందో మేడమ్ నీకు చెప్పినారా?"

"ఏ కేసక్కా?" అన్నది.

ఆమె ముఖంలో ఏమీ దొరకలేదు. నిజంగా తెలియదో, తెలిసే అలా అన్నదో. తెలిసే అన్నదైతే, మేడమ్ పక్కన ఆ కుర్చీ ఆమెకే ఎందుకిచ్చారో నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా కుళ్ళు పోలేదు.

శ్మశానంలో అందరం ఏడ్చాం, ఆమె ఒక్కతే ఏడవలేదు. ఆమె ఎక్కిన బస్సు కదిలాక, ఎవరూ చూడటం లేదనుకుని, కిటికీ ఊచకు నుదురు ఆనించి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు కంభం రోడ్డు ఎక్కేదాకా ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి.