ఎండబెట్టిన చుక్కలు

దసరా జమ్మి ఆకు ఇంకా జనం చేతుల్లో ఉండగానే క్రిస్మస్ పనికి కూర్చునే మనిషి తాండూరు మొత్తానికి ఒక్కతే ఉండేది. ఆమె పేరు శంకరమ్మ. పండుగ ఇంకా రెండు నెలలకు పైగా ఉంది కదా, ఇప్పటినుంచే ఏం తొందరమ్మా అని ఎవరైనా అన్నారో, అయిపోయారే! ఆఖరి రోజు కాళ్లకు చేతులకు అడ్డం పడుతూ చేసుకుంటే అది పండుగ ఎట్లవుతుందని దులిపి పారేసేది. నోరు కొంచెం పెద్దదే, కాదనను. కానీ బండల గనిలో మొగుడు బండ కింద పడి పోయాక ఆమె ఏడుస్తూ కూర్చున్నది కూడా ఎవరూ చూడలేదు. ఊళ్లో కందులు చెరగడానికి పోయేది, కోతల కాలంలో యాలాల్ దిక్కు కూలికి పోయేది, పిలిస్తే పురుళ్లు పోసేది. సంపాదించిందాంట్లో ఇంత తీసి క్రిస్మస్ కోసం దాచేది.

పండుగ పని ఇద్దరు పంచుకునేవారు. పొయ్యి తల్లిది, కాగితం బిడ్డది. శంకరమ్మ పుట్నాలు దంచి, కుడుక తురిమి, బెల్లం కలిపి గరిజెలు చేసేదంటే నెల రోజులు డబ్బాలో ఉన్నా కరకరలాడుతూనే ఉండేవి. బిడ్డ దీనమ్మకు పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాయి. చెయ్యి పట్టి ఎవరూ నేర్పకపోయినా రంగు కాగితాలతో చుక్కలు, అదే క్రిస్మస్ నక్షత్రాలు, చేసేది. కాగితం మడతలకు తుమ్మజిగురు పూసి ఆరబెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో మడతను నాలుకతో తడిపి అతికించేది. వచ్చిపోయే ఆడవాళ్లు చూసి, దీనమ్మ ముద్దు పెట్టనిదే చుక్క అతుక్కోదని ఎగతాళి చేసేవారు. పండుగనాటికి ఆ చుక్కలన్నీ చర్చి దూలాల నడుమ దారాలకు వేలాడేవి. వాటి కింద నిలబడి శంకరమ్మ పాట ఎత్తుకుంటే, ఆ గొంతులో భక్తి ఎంతో గర్వం ఎంతో చెప్పడం కష్టం.

నైజాం సర్కారు పోయి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఆ ఏడు వానలు మొదలయ్యాక దీనమ్మకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం అన్నారు, తాయెత్తు అన్నారు, జాజికాయ అన్నారు. ఒకనాడు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గితే కొంగు ఎర్రబడింది. శంకరమ్మ ప్యాసింజరు బండిలో వికారాబాదుకు, అక్కడినుంచి ఎడ్లబండి మీద అనంతగిరి గుట్ట దవాఖానకు తీసుకుపోయింది. క్షయ అన్నారు. మంచి గాలి, మంచి తిండి, సూదులు, అన్నీ ఇక్కడే, పిల్లను ఇక్కడే వదిలిపెట్టి పో అన్నారు. వదిలిపెట్టి వచ్చింది.

పదిహేను రోజులకొకసారి పోయి చూసి వచ్చేది. దసరా దాటగానే దీనమ్మ మొదట అడిగింది కాగితాలు. మందు గురించీ ఇంటి గురించీ అడగలేదు. చర్చిలో తన చుక్కలు లేకుండా పండుగ అవుతుందా అన్నది ఆ పిల్ల బెంగ. శంకరమ్మ అజమత్ కొట్టుకు పోయి కాగితాలు తీసుకుంది. అజమత్ పతంగులు చేసేవాడు, పీర్ల పండుగకు కాగితం పని చేసేవాడు, రంగు కాగితం మంచిది కావాలంటే అతని దగ్గరే. పిల్ల పేరు చెప్పగానే మిగిలిన ముక్కలు కూడా ఓ కట్ట కట్టి ఇచ్చాడు.

పండుగ ముందర దీనమ్మ చేసిచ్చిన చుక్కలను శంకరమ్మ గుడ్డలో చుట్టుకుని నేరుగా చర్చికి పోయింది. లోపల సంఘపెద్ద ఏసుదాసు గోడలకు సున్నం వేయిస్తున్నాడు. ఏసుదాసు ఆమె పెనిమిటితో కలిసి గనిలో పనిచేసినవాడు, చావు నాడు పాడె మోసినవాడు. అతను గుడ్డ విప్పి చూశాడు. చూసి మళ్లీ మూసేశాడు.

"వదినె, నీకు చెప్పేటంత పెద్దోణ్ణి గాదు నేను. గీ చుక్కలు పిల్ల నోటితోని తడిపి అతికిస్తదని అందరికి ఎరికేనాయె. పిల్లల తల్లులు నిన్ననే వచ్చి నన్ను పట్టుకున్నరు. బాగై ఇంటికొచ్చినంక ఎన్ని చేసినా కడ్తం. గీ ఏడుకు వద్దు."

శంకరమ్మ నోరు తెలుసు కదా, అతన్ని కడిగి పారేస్తుందని సున్నం వేసేవాళ్లు చేతులు ఆపి చూశారు. ఆమె గుడ్డ మళ్లీ ముడి వేసుకుని ఇంటికి పోయి, చుక్కల్ని రేకు పెట్టెలో అడుగున పెట్టి మూత వేసింది. మిగిలిన కాగితాలతో తనే చుక్కలు చేసింది. ఒకటి కుంటిది, ఒకటి గుడ్డిది. అవే కట్టారు. పండుగనాడు ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే గరిజెలు పంచింది. అందరూ తీసుకున్నారు, అందరూ దండం పెట్టారు. మర్నాడు చర్చి వెనక గోడ పక్కన కాకులు గరిజెలు పొడుచుకుంటుంటే చూసింది. వీళ్ల పిల్లలకు పురుడు పోసింది నేను కాదా అని అక్కడే నిలబడి కుమిలిపోయింది.

బిడ్డకు మాత్రం చెప్పలేదు. గుట్టెక్కి పోయి అబద్ధాలు అల్లింది. నీ చుక్కలే కట్టారన్నది. పాస్టరయ్య తల పైకెత్తి చూశాడన్నది. ఒకటి గాలికి ఊడిపోతే ఏసుదాసే నిచ్చెన ఎక్కి కట్టాడన్నది. దీనమ్మ దిండుకు ఆనుకుని అన్నీ విన్నది. ఎక్కడ ఏ రంగుది కట్టారని కూడా అడిగింది. శంకరమ్మ తడుముకోకుండా అన్నీ చెప్పింది.

ఇప్పుడు ఆమె చాటుగా చేసిన పని ఒకటి చెప్పాలి. బిడ్డ దగ్గరినుంచి లేచి మెట్లు దిగాక, వార్డు పక్కన నీళ్ల నల్ల దగ్గర ఆగేది. కొంగు చివర ముడేసుకున్న సబ్బు ముక్క తీసి చేతులు మోచేతులదాకా రుద్ది రుద్ది కడుక్కునేది. నోరు పుక్కిలించేది. మొదట్లో గరిజెలు గిన్నెలో తీసుకుపోయేది. తరువాత మోదుగాకుల్లో పొట్లం కట్టుకుని పోవడం మొదలుపెట్టింది, గిన్నె తిరిగి ఇంటికి తేవాల్సిన పని లేకుండా. ఆమెను ఎవరూ అట్లా చేయమనలేదు. నేను కూడా మంచాన పడితే పిల్లకు ఎవరు దిక్కు అని తనకు తానే చెప్పుకునేది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ భయం భయమే. చూసేవాళ్లెవరూ లేరనుకునేది.

ఎండాకాలం వచ్చింది. చైత్రమాసం ఎండలు మండుతుంటే దీనమ్మ మళ్లీ కాగితాలు కావాలంది. ఇప్పుడెందుకే అంటే, నీ బిడ్డనే కదా అవ్వా, ముందుగాల మొదలుపెడ్తే తప్పా అని నవ్వింది. శంకరమ్మకు ముచ్చటేసింది. అజమత్ కొట్టుకు పోతే అతను కూడా నవ్వాడు. దసరాకు మొదలుపెట్టే మనిషివి, ఈసారి ఉగాదికే మొదలుపెట్టినవా అన్నాడు. కాగితాలు చుట్టి ఇస్తూ ఒక మాట చెప్పాడు.

"గీ ఎర్రది, గీ గులాబీది ఎండల పెట్టకుండ్రి అక్కా. రంగు నిలవది. నీడకు పెట్టుకోమను బేటీని."

శంకరమ్మ ఆ మాట అట్లాగే చెప్పింది. దీనమ్మ తల ఊపింది. మళ్లీ పోయినప్పుడు చూస్తే ఏముంది! వరండా బండల మీద, మండే ఎండలో, చుక్కలన్నీ వరసగా పరిచి ఉన్నాయి. గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. శంకరమ్మ మండిపడింది. చెప్పిన మాట చెవికెక్కదా, అంత ఖర్చు పెట్టి తెస్తే పెంకుటింటి మీద వడియాల్లాగా ఎండబెడతావా, చూడు ఎర్రది ఎట్లా వెలిసిపోయిందో అని కసిరింది. దీనమ్మ మంచం మీదనుంచి లేవలేదు. అప్పటికే బాగా చిక్కిపోయింది పిల్ల, మెడ కింద ఎముకలు తేలాయి.

"పోనీయ్ అవ్వా. రంగు పోతే పోయింది. మంచిగ ఎండ తగలనీయ్," అంది.

జ్వరానికి పిల్ల తలకాయ పని చేయడం లేదనుకుంది శంకరమ్మ. తిట్టినందుకు తరువాత బండిలో కూర్చుని ఏడ్చింది. ఆ ఎండాకాలమంతా ఆ చుక్కలు ఎండలోనే ఉన్నాయి. పొద్దున నర్సు సుమిత్రమ్మ పరిచేది, సాయంత్రం ఎత్తి పెట్టేది. వానలు వచ్చినా మబ్బు విడిచిందంటే మళ్లీ బయటే.

దసరా అయింది. శంకరమ్మ పుట్నాలు కొనుక్కొచ్చుకుంది. దంచడానికి రోలు కడుగుతుండగా వికారాబాదునుంచి మనిషి వచ్చాడు. ఆమె గుట్ట మీదికి చేరేసరికి దీనమ్మ మొహం మీద గుడ్డ కప్పి ఉంది.

ఏసుదాసు, మరి కొందరు బండెక్కి వచ్చారు. పిల్లను వికారాబాదులోనే సమాధి చేశారు. అందరూ వెళ్లిపోయాక శంకరమ్మ బిడ్డ బట్టల కోసం వార్డుకు పోయింది. సుమిత్రమ్మ బట్టలతో పాటు ఒక రేకు డబ్బా చేతికిచ్చింది. దాన్నిండా చుక్కలు. ఎరుపు లేదు, గులాబీ లేదు, పసుపు లేదు. అన్నీ ఎండు గడ్డి రంగులోకి వచ్చేశాయి.

"వీటిని ముట్టుకోనీకి భయపడకమ్మా," అంది సుమిత్రమ్మ. "నోటితోని ఒక్కటి సుత తడపలే. ముక్కుకు మూతికి గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతోని అతికించింది. ఎండల పెడితే క్షయ పురుగు సస్తదా అని డాక్టరు సాబును అడిగింది. సస్తదన్నంకనే నీతోని కాగితాలు తెప్పించుకున్నది. ఈసారన్న మా చర్చిల కడ్తరు అన్నది."

ఈసారన్న అనే మాట దగ్గర శంకరమ్మ ఆగిపోయింది. పోయినసారి కట్టలేదని పిల్లకు ఎవరు చెప్పారని అడిగింది.

సుమిత్రమ్మ కిటికీ దిక్కు చూపించింది. కిటికీ కింద నల్ల కనిపిస్తోంది.

"ఎవరూ చెప్పలేదమ్మా. నువ్వు పోయేటప్పుడు ప్రతిసారి ఈడ పండుకుని చూసేది. మా అవ్వకే గింత భయముంటే ఊరోళ్లకు ఎంతుండాలె, నా చుక్కలు ఎట్ల కడ్తరక్కా అన్నది. కోపం జెయ్యలే. నవ్వుకుంటనే అన్నది."

శంకరమ్మ కిటికీ దగ్గరికి పోయి నల్ల దిక్కు చూసింది. ఊరివాళ్ల మాట బిడ్డ చెవిన పడకుండా ఏడాదంతా ఎన్ని అబద్ధాలు ఆడింది! ఆ అబద్ధాలన్నీ చెప్పి, మెట్లు దిగి, తన చేతులతోనే నిజం చూపించి పోయింది. ఒక్కసారి కాదు, పోయినప్పుడల్లా. పిల్ల అది చూసి కూడా, మళ్లీ పోయినప్పుడు ఏ రంగు చుక్క ఎక్కడ కట్టారవ్వా అని అడిగింది. తల్లి అబద్ధం చెప్పుకునే వీలు కల్పించింది. ఇది ఆమె చచ్చేదాకా తలుచుకుంటూనే ఉంది.

క్రిస్మస్ ముందర చర్చిలో అందరూ అలంకరణకు కూడారు. శంకరమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. డబ్బా చంకన పెట్టుకుని వచ్చింది. చుక్కల్ని బల్ల మీద పోసి, ఎండ సంగతి, తడిగుడ్డ సంగతి, డాక్టరు మాట, అన్నీ చెప్పింది. ఏసుదాసు కండువాతో కళ్లు తుడుచుకుని నిచ్చెన తెచ్చాడు.

"ఇయ్యి వదినె. అన్ని నేనే కడ్త," అన్నాడు.

"జర ఆగు," అంది శంకరమ్మ.

డబ్బా అడుగున ఒక చుక్క మిగిలిపోయింది. నాలుగు కొమ్ములు అతికి ఉన్నాయి, ఐదోది విచ్చుకునే ఉంది. దాని అంచున తుమ్మజిగురు ఎండి మెరుస్తోంది. దీనమ్మ చెయ్యి ఆఖరికి ఆగిపోయింది అక్కడే. శంకరమ్మ దాన్ని అందరికీ కనిపించేటట్టు ఎత్తి పట్టుకుంది.

"భయం మీ ఒక్కలకే గాదు, నాకు సుత ఉండె. కన్నబిడ్డను ముట్టుకుని చేతులు కడుక్కున్న. అది చూసుకుంటనే పోయింది నా బిడ్డ."

అంతే అంది. ఐదో కొమ్మును నోటి దగ్గరికి తెచ్చుకుని, అంచు పొడుగునా నాలుకతో తడిపింది, అచ్చం దీనమ్మ తడిపినట్టే. మడత పెట్టి అతుక్కునేదాకా రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంది. ఆ చుక్కను తనే నిచ్చెన ఎక్కి నడి దూలానికి కట్టింది. మిగిలినవన్నీ ఏసుదాసు కట్టాడు.

పండుగనాడు ప్రార్థన అయ్యాక గరిజెలు పంచింది. ఆ ఏడు అందరూ ఆమె కళ్ల ముందరే తిన్నారు. కొందరు ఏడుస్తూ తిన్నారు. ఆమె ఎవరినీ ఓదార్చలేదు. దీనమ్మకు కావలసింది ఇదే, కాకపోతే బతికుండగా కావలసింది. చర్చి గుమ్మం పక్కన చేతులు కడుక్కోవడానికి ఎప్పటిలాగే నీళ్ల బాన పెట్టారు. శంకరమ్మ దాన్ని దాటి మెట్ల మీద కూర్చుంది. చివరి చుక్క పొద్దున జారిపోతుంటే మళ్లీ అతికించి వచ్చింది, వేళ్లకు జిగురు ఇంకా అంటుకునే ఉంది. ఆ చేత్తోనే గరిజె విరిచి నోట్లో పెట్టుకుంది.