అద్దాల బీరువాలో స్వెటర్

వనపర్తిలో స్వెటర్ అల్లుతానంటే అమ్మే నవ్వింది. "గీ ఎండలకు ఊలెందుకే, పిచ్చి లేసిందా?" కానీ అక్కను ఇచ్చింది అమ్రాబాద్‌కు. చలికాలం తెల్లవారుజామున అక్కడి అడవి గాలికి పళ్లు టకటకలాడతాయి. అక్కకు నెలలు నిండుతున్నాయి. పుట్టే బిడ్డ నా చేతి స్వెటరే తొడుక్కోవాలి, అంతే.

అల్లడం కుట్టు సెంటర్ మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. రెండు రంగుల డిజైనంటే ఆమెకు తెలిసింది ఒక్కటే, పసుపు బాతు. సెంటర్‌లో ఎవరు అల్లినా అదే బాతు. ఛీ, దాని మొహం చూడబుద్ధయ్యేది కాదు. సొంతంగా గీస్తానంటే, "ఉన్నది చూసి చెయ్యరాదా? పెద్ద డిజైనర్ వచ్చింది!" అంది.

అమ్మ గద్వాల చీర అంచు మీద మెట్లు మెట్లుగా లేచే గోపురాలుండేవి. వాటిని లెక్కల నోటుబుక్కులోకి దించాను, గడికో కుట్టు చొప్పున. తీరా అల్లితే గోపురాలన్నీ నడుం విరిగి చతికిలబడ్డాయి! నోటుబుక్కు గడి నాలుగు వైపులా సమానం, అల్లిన కుట్టేమో పొట్టిది. దాంతో పొట్టి గళ్లు నేనే గీసుకుని, వరసలు పెంచాను.

తిప్పి చూస్తే ఇంకా రోత. ముందువైపు కనపడని రంగు దారం వెనకాల పొడుగ్గా వేలాడుతోంది. వేలు పెడితే చిక్కుకుంది. పసిబిడ్డ వేళ్లు ఏం కావాలి? మొత్తం విప్పేశాను. రెండు రంగులూ వెంటవెంటనే మారేలా గోపురాల మధ్య చుక్కలు పెట్టి మళ్లీ గీశాను. ఈసారి స్వెటర్ చిన్న చేతుల్లోకి నా వేళ్లు ఎక్కడా తగలకుండా జారిపోయాయి.

ఆడపిల్ల పుట్టింది. తొట్టెల్లో వేసిన నాడు అక్క అత్తగారు స్వెటర్ ఎత్తి అందరికీ చూపించింది. పొంగిపోయాను.

చలికాలంలో వెళ్లి చూస్తే పిల్ల ఒంటి మీద సంతలో కొన్న నైలాన్ స్వెటర్, మెడ చుట్టూ దద్దుర్లు. నేను అల్లింది హాల్లో అద్దాల బీరువాలో, పాలిథిన్ కవర్లో, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ పూల పక్కన.

"తొడగలేదా అత్తమ్మా?"

"గంత మంచిదాన్ని పోరి ఖరాబు చెయ్యదా బిడ్డా? వచ్చినోళ్లందరు చూసి మెచ్చుకుంటున్నరు."

అక్క పిల్ల మెడకు కొబ్బరినూనె రాస్తూ కూచుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బీరువా మీద, ఆ మెచ్చుకోళ్ల మీద తుపుక్కున ఉమ్మాలనిపించింది. ఎంత పోరినా ఆవిడ తాళం తీయలేదు.

పిల్లకు మాటలొచ్చి, ఇల్లంతా పరుగులు పెట్టే వయసొచ్చాక ఒకసారి బీరువా ముందు నిలబడి అడిగింది.

"చిన్నమ్మా, గా స్వెటర్ ఎవలది?"

"నీదేనే."

ఆ రోజు గొడవపడి తాళం తీయించాను. పిల్ల సంబరంగా చెయ్యి దూర్చింది. వేళ్లు ఏ దారానికీ చిక్కుకోలేదు. కానీ అరచెయ్యి దాటి లోపలికి పోలేదు. రెండుసార్లు తోసి చూసి, తీసి నా ఒళ్లో పెట్టింది.

"నాది కాదు చిన్నమ్మా. గిది చిన్న పాపది."

వెనకాల అత్తగారు పాలిథిన్ కవరు తెరిచి పట్టుకుని, నేనెప్పుడిస్తానా అని నిలబడి ఉంది.