అమ్మ దవడలో మిగిలిన పళ్లు

ఎనభైల మొదట్లో, నేను కాలేజీలో ఉండగా, అమ్మకు దవడ పట్టేసింది. అప్పటికి ఆమెకు నలభై నిండలేదు. నోరు తెరిస్తే చెవి పక్కన ఇసుక నలిగిన చప్పుడు. వేలెడు సందులోంచి అన్నం తోసుకునేది. మా వీధి ఆలోచించడానికి కూడా ఆగకుండా తీర్పిచ్చేసింది: మాట్లాడి మాట్లాడి అరగదీసుకుంది.

మా ఇంట్లో ఎక్కువ మాట్లాడేది నాన్న. ఆయన దవడ నిక్షేపంలా ఉంది.

మాది నరసాపురం దగ్గర. ఇంటింటా ఆడవాళ్లు లేసు అల్లేవారు. కత్తెర కోసం లేస్తే అల్లిక లెక్క తప్పుతుందని దారం పళ్లతోనే కొరికేవారు. అమ్మ పొద్దుట మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఎడమవైపు పళ్లతో కొరుకుతూనే ఉండేది. మాటలతో అరిగిందన్న వాళ్లలో ఒక్కరికీ ఆ దారం కనబడలేదు.

అంతకు కొన్నేళ్ల ముందు నెలసరి ఎక్కువవుతోందని అమ్మకు గర్భసంచి తీసేశారు. "పిల్లలు పుట్టేశారు, ఇంక దాంతో పనేంటి?" అంది పెద్దమ్మ. పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేశారు. కాగితం మీద సంతకం నాన్నది. అమ్మనెవరూ అడగలేదు. అడగడానికి ఆమె అప్పటికే మత్తులో ఉందట.

తర్వాత దవడ నొప్పి వచ్చింది. మా ఊళ్లో పళ్ల డాక్టరు ఎడమవైపు దవడ పళ్లు పీకేశాడు. నొప్పి తగ్గలేదు, పళ్లే తగ్గాయి. నమలడం, దారం కొరకడం అన్నీ కుడివైపుకు మారాయి. కొన్నాళ్లకు కుడివైపూ నొప్పి. అయితే అవీ తీసేద్దాం, సోమవారం రమ్మన్నాడు. అవి కూడా పోతే అమ్మ ఇక జావ తాగి బతకాలి.

"తీయించేస్తే గొడవ వదిలిపోద్ది," అన్నారు నాన్న.

"మీకు మోకాళ్ల నొప్పులు కదా నాన్నా. అవెప్పుడు తీయిస్తున్నారు?"

"నోర్ముయ్ రా."

"అమ్మది మూసుకుపోయింది కాబట్టే ఈ గొడవంతా."

రాజమండ్రిలో దవడ కీళ్లు చూసే డాక్టరున్నారని కాలేజీలో ఎవరో చెబితే, సోమవారం లోపే అమ్మను రైలెక్కించాను. ఆయన చెవుల ముందు వేళ్లు పెట్టి నోరు తెరిపించారు, ఎక్స్‌రే తీయించారు. మీ పనేంటి, ఆపరేషన్లేమైనా జరిగాయా అని అడిగారు. అమ్మనే అడిగారు. అమ్మ సమాధానం కోసం నా వైపు చూసింది, అలవాటు కొద్దీ. తర్వాత దారం సంగతీ, ఆపరేషన్ సంగతీ తనే చెప్పింది.

"పళ్లది కాదమ్మా, కీలు అరిగింది," అన్నారాయన. "ఆ ఆపరేషన్‌తో ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయాయి. అవి తగ్గితే కీలు తనని తాను బాగుచేసుకోవడం తగ్గుతుందని కొందరు డాక్టర్లు అనుకుంటున్నారు. దానికితోడు దారం కొరుకుడు, ఒకవైపే నమలడం. బరువు మీద బరువు. దేని వాటా ఎంతంటే మాత్రం చెప్పలేను, అది మాకూ ఇంకా సరిగ్గా తెలీదు."

తెలీదు అన్న మొదటి మనిషి ఆయనే. అంతవరకూ మా చుట్టూ అందరికీ అన్నీ తెలుసు.

"మరి పీకేసిన పళ్లండీ?" అంది అమ్మ.

ఆయన ఎక్స్‌రే వైపే చూస్తూ, "అవి తీసినా ఈ నొప్పి పోయేది కాదమ్మా," అన్నారు.

వేడి కాపడం, మెత్తని తిండి, దారానికి కత్తెర. మందుచీటీలో ఇంతకుమించి పెద్దగా లేదు. రైల్లో అమ్మ నిడదవోలు దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. మా వీధివాళ్లు చూసుంటే, మందు పనిచేసిందనుకునేవారు.

ఇంట్లో నాన్న అంతా విన్నారు. "బాగానే ఉంది. సోమవారం రమ్మన్న పళ్లాయనకి ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పకండి. మీరెళ్లండి," అంది అమ్మ, తెరుచుకున్నంత మేరకే నోరు తెరిచి. "మీ నోట్లో ఇంకా చాలా ఉన్నాయి కదండీ."

నాన్న వెళ్లలేదు. అమ్మకు కుడివైపు పళ్లు ఉన్నాయి. నొప్పీ ఉంది, ముసురు పట్టినప్పుడు మరీను.