పెంచలమ్మ కయ్య ట్రాన్స్‌ఫారం

మా తమ్ముడు ఓబులేసు కరెంటాఫీసులో లైన్‌మన్. మెతక మనిషని ఊరంతా అనేది. మెతకా, పాడా. ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకున్నాడు, అంతే.

అల్లూరు పక్కన మా అమ్మకు వరి పండే కయ్య ఒకటి ఉండేది. ఆవిడ పేరు మీదే దాన్ని పెంచలమ్మ కయ్య అనేవాళ్లు. పక్క ఆసామి పద్మనాభయ్య ఏటా దమ్ము చేసేటప్పుడు గట్టు మా వైపు జరుపుకుంటూ వచ్చి, చివరికి మొత్తం కలిపేసుకున్నాడు. నాన్న లేడు, అడిగే దిక్కు లేదు. అంతటితో ఊరుకున్నాడా? ఇకమీదట దాన్ని బంగళా కయ్య అనాలన్నాడు. పాత పేరు పలికిన కూలిని మర్నాడు పనికి పిలిచేవాడు కాదు. అమ్మ ఆ దిగులుతోనే మంచం పట్టింది.

"కయ్య పోతే పోయింది, నా పేరు గూడా తుడిచేసినాడే" అంటూ పోయింది. వాడి నోటితోనే ఆ పేరు పలికించాలని తమ్ముడు ఆ రోజే అనుకున్నాడు.

అరవై నాలుగులో మోటార్లకు కరెంటు వచ్చింది. ట్రాన్స్‌ఫారం ఒకటి ఆ కయ్యలోనే నిలబెట్టారు. నంబర్లు పెడితే ఫోనులో ఒకటి చెబితే ఇంకొకటి వినబడుతోందని, అన్నిటికీ పేర్లు పెట్టమన్నాడు ఇంజనీరు. దేవుళ్ల పేర్లు వద్దు, ఊరూరా అవే ఉంటాయి. బతికున్నవాళ్ల పేర్లు వద్దు, తగాదాలొస్తాయి. అది నిలబడిన కయ్య పాత పేరే పెట్టాలన్నాడు.

పద్మనాభయ్య తన పేరు పెట్టమని ఆఫీసుకు వచ్చాడు.

"మీరు బతికే ఉండారు గదయ్యా" అన్నాడు తమ్ముడు, ఎంతో వినయంగా. ఆ సాయంత్రమే రేకు మీద పెద్దక్షరాలతో పెంచలమ్మ కయ్య అని రాసి బిగించాడు. అది చూసి నేను తనివితీరా నవ్వుకున్నాను.

నాట్లు పడ్డాక ఆ ట్రాన్స్‌ఫారం ఫ్యూజు పోయింది. నేను తమ్ముడికి అన్నం తీసుకుని ఆఫీసుకు వెళ్లేసరికి పద్మనాభయ్య అక్కడే ఉన్నాడు. వాకిట్లో రైతులు కూర్చుని ఉన్నారు.

"ఒరే ఓబులేసూ, పీజు పోయిందిరా. పైరు ఎండిపోతా ఉండాది."

"ఏ ట్రాన్స్‌ఫారమయ్యా?"

"మా బంగళా కయ్యలోది."

"ఆ పేరుతో మాకాడ ఏదీ లేదయ్యా."

పద్మనాభయ్య రైతుల వైపు చూశాడు. ఆ మొహం చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది.

"పెంచలమ్మ కయ్య" అని గొణిగాడు.

"వినపళ్లేదయ్యా. ఎవరి కయ్య?"

"పెంచలమ్మది."

తమ్ముడు లేచి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

"అన్నం మూతపెట్టక్కా. అమ్మ కయ్యకు కరెంటిచ్చేసి వస్తా."