చేతులు చూపించమ్మా

కలరా ఉండల వాసన ఒకసారి చేతికి పట్టిందంటే సబ్బుకు లొంగదు. నిన్న సాయంత్రం నందిగామ బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ముక్కు ఎగబీల్చి, "బీరువా సర్దారాండీ?" అని అడిగింది. రెండు రోజులు రికార్డు రూములో కూర్చుని వస్తున్నానని ఏం చెబుతాను? అవునన్నట్టు నవ్వాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటే మాత్రం అన్నపూర్ణగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

నేను ఉద్యోగంలో చేరిన మునిసిపల్ ఆఫీసులో ఆవిడ సూపరింటెండెంటు. జగ్గయ్యపేట మనిషి. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య బస్సుల్లోనే నా సర్వీసు సగం గడిచింది కానీ, ఈ సంగతి ఏ ఆఫీసులో జరిగిందో మాత్రం చెప్పను. అప్పటివాళ్ళు కొందరు ఇప్పటికీ ఎదురుపడి పలకరిస్తుంటారు. అన్నపూర్ణగారు పొట్టిగా ఉండేవారు, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. సెలవంటే ఆవిడకు పడదు. ఒకసారి పెళ్ళిచూపులున్నాయని సెలవడిగితే, "సాయంత్రం ఆరు తర్వాత రమ్మను, వెలుగుంటుందిలే" అన్నారు. ఆ సంబంధం తప్పిపోయింది. నాకు చాలాకాలం ఆవిడ మీద కోపంగానే ఉండేది.

సమాచార హక్కు దరఖాస్తులు నా సీటుకు వచ్చేవి. జనం అడిగిన కాగితాన్ని ముప్పై రోజుల్లో ఇవ్వాలి, లేదంటే ఎందుకు ఇవ్వలేమో రాయాలి. నా ముందున్నాయన కంప్యూటర్లో ఒక ఉత్తరం సిద్ధంగా ఉంచి వెళ్ళాడు: 'మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు.' పేరూ తేదీ మారిస్తే చాలు. ఇదేదో సుఖంగానే ఉందనుకున్నాను.

ఆ రోజుల్లోనే నాగేంద్రమ్మ ఇడ్లీ బండిని మావాళ్ళు పట్టుకొచ్చి ఆఫీసు ఆవరణలో పడేశారు. బస్టాండు రోడ్డులో తోపుడు బండ్లు పెట్టకూడదని కౌన్సిల్ నిబంధన ఉందట. మొగుడు లేని మనిషి, ఆ బండి మీదే ఇల్లు నడవాలి. రోజూ పొద్దున్నే వచ్చి బండి చక్రాలు చూసుకుని వెళ్ళిపోయేది. చివరికి కూతురి చేత దరఖాస్తు రాయించి ఇచ్చింది. అందులో ఒకటే ప్రశ్న: "ఆ నిబంధన ఎక్కడ రాసుంది, నాకు కాపీ ఇవ్వగలరు."

కిటికీలోంచి ఆవిడను రోజూ చూస్తూ కూడా నేను పేరు మార్చి, తేదీ మార్చి, ఉత్తరం ప్రింటు తీసి సంతకానికి పట్టుకెళ్ళాను. అన్నపూర్ణగారు చదివి, కలం కింద పెట్టారు.

"చేతులు చూపించమ్మా."

అర్థం కాక రెండు చేతులూ చాపాను. వాటిని తిప్పి చూశారు.

"ఇంత శుభ్రంగా ఉన్నాయేంటి? దుమ్మంటకుండానే లభ్యం కాలేదా?"

ఆవిడ లేచి, కొంగు నడుముకు దోపుకుని, రికార్డు రూము తాళం నా చేతిలో పెట్టారు. నన్ను పంపించి కూర్చోలేదు, నాతోపాటే వచ్చారు. తుమ్ముకుంటూ, కట్టలు విప్పుకుంటూ రెండు రోజులు వెతికాం. మూడో రోజు మధ్యాహ్నం తీర్మానాల పుస్తకంలో దొరికింది. బస్టాండు రోడ్డులో బండ్లు నిలపరాదన్న మాట నిజమే. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: ఉదయం తొమ్మిది గంటల లోపు ఈ నిబంధన వర్తించదు. రోడ్డు మీద బోర్డు రాసినతను పై వాక్యంతో సరిపెట్టాడు. ఆఫీసంతా అప్పటినుంచీ ఆ బోర్డునే చట్టమనుకుంటోంది. నాగేంద్రమ్మ బండిని పట్టుకొచ్చింది పొద్దున ఏడింటికి.

శానిటరీ ఇన్‌స్పెక్టరు గాభరాపడ్డాడు. "ఇప్పుడిది ఇస్తే తప్పు మనదేనని తేలిపోద్ది మేడమ్. కనపడలేదని రాసేద్దాం."

"తేలనీండి. ఆవిడ కాగితం అడిగింది, కాగితం ఉంది. ఇంకేం కావాలండీ?"

నాగేంద్రమ్మకు చదువు రాదు. అన్నపూర్ణగారు కౌంటర్ దగ్గర నిలబడి కాపీని గట్టిగా చదివి వినిపించారు. ఆవిడ వింటూ వింటూ, "ఆ తొమ్మిది గంటల మాట ఇంకోసారి చదవండమ్మా" అంది. మళ్ళీ చదివారు. నాగేంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ బండికీ, ఇంట్లో పొయ్యికీ మధ్య అడ్డంగా నిలబడబోయింది నా ఉత్తరమే కదా. వారం తిరిగేసరికి బండి విడిపించుకుని, ఆ కాపీకి ప్లాస్టిక్ తొడుగు వేయించి బండికి వేలాడదీసుకుంది.

అప్పటినుంచీ లేదని రాసిన ఏ ఉత్తరం తీసుకెళ్ళినా, అన్నపూర్ణగారు అడగకముందే చేతులు చాపేదాన్ని. ఆవిడ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి సంతకం పెట్టేవారు. మెచ్చుకోలు ఎప్పుడూ లేదు.

ఇప్పుడు సంతకం పెట్టే కుర్చీ నాది. మొన్న ఒక పెద్దాయన, తమ వీధిలోని ఖాళీ జాగా పార్కు కోసం వదిలిందేనని చెప్పే పాత తీర్మానం కావాలని అడిగారు. అక్కడ ఎవరో గోడ లేపుతున్నారట. రెండు రోజులు నేనే కూర్చుని వెతికాను. ఆ ఏటి పుస్తకంలో నాలుగు పేజీలు చెదలు తినేశాయి. నిన్న సాయంత్రం, ఏయే బీరువాల్లో ఏయే కట్టలు చూశానో, ఏ పుస్తకం ఎలా పాడైందో అంతా రాసి, చివర 'లభ్యం కాలేదు' అని రాయాల్సొచ్చింది. సంతకం పెట్టబోతూ చేతులు చూసుకున్నాను. గోళ్ళ దాకా నల్లగా ఉన్నాయి. చూపించడానికి ఎదురుగా ఆవిడ లేరు.

కడుక్కోకుండానే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, జవాబు కోసం వచ్చి కూర్చున్న ఆ పెద్దాయన చేతికే ఉత్తరం ఇచ్చాను. ఆయన చదివారు. ముఖం చిన్నబోయింది. తర్వాత నా చేతుల వంక చూశారు.

"ఏమనుకోకండి. మీరు గనక లేదని రాస్తే, వెతక్కుండానే రాశారని కలెక్టరుకు రాద్దామనుకుని వచ్చానమ్మా" అన్నారు.

"రాయండి బాబాయ్ గారూ. కలెక్టరాఫీసులో ఆ తీర్మానం ఇంకో కాపీ ఉండి ఉంటుంది. ఎలా అడగాలో నేను చెబుతాను" అని, ఆ నల్లటి చేతులతోనే ఒక తెల్ల కాగితం ముందుకు లాక్కున్నాను.